సంక్రాంతి వారం 26 కుక్కలు, ఇద్దరు మనుషులు: బోర్డింగ్‌లో పని ఎలా సర్దుకోవాలి?

కొత్త షెడ్డు:
అందరికీ నమస్తే. శంకర్‌పల్లి వైపు బోర్డింగ్ కెన్నెల్ (ఓనర్లు ఊరెళ్తే వాళ్ల కుక్కల్ని ఉంచుకునే చోటు) నడుపుతున్నాం. 24 గదులు, ఒక్కోటి 4 అడుగులు ఇంటూ 6 అడుగులు. వెనక జాలీ కట్టిన యార్డులు రెండున్నాయి. మామూలు రోజుల్లో 10, 12 కుక్కలుంటాయి. జనవరి 9 నుంచి 18 దాకా మాత్రం 26 బుక్ అయ్యాయి (రెండిళ్ల నుంచి జంటలు వస్తున్నాయి కాబట్టి 24 గదుల్లో సరిపోతాయి). పని చేసే కుర్రాళ్లు నలుగురు. అందులో ఇద్దరు పండక్కి ఊరెళ్తున్నారు.

అడగాలనుకున్నవి:
దసరా రద్దీలో పొద్దుటి పని 11 దాటినా తెమల్లేదు. ఒక్కో కుక్కని పూటకి 20 నిమిషాల చొప్పున మూడు పూటలా నడిపిస్తామని ఓనర్లకి చెప్పి ఉన్నాం. ఇద్దరితో అది కుదురుతుందా?
చేరిన మూడో రోజుకి నాలుగైదు కుక్కలకి మోషన్స్ పడుతున్నాయి. ఎందుకు?
ఇంటికెళ్లాక దగ్గు మొదలైందని ఫోన్లు వస్తున్నాయి. ఇక్కడున్నప్పుడు ఒక్కటీ దగ్గదు.
గదులు రోజుకి రెండుసార్లు ఫినాయిల్‌తో కడుగుతున్నాం. చాలదా?

మొయినాబాద్ మామ:
ముందు లెక్క చూడండి తమ్ముడూ. 26 కుక్కలు, 20 నిమిషాలు, మూడు పూటలు. 1560 నిమిషాలు, అంటే రోజుకి 26 గంటలు. ఇద్దరికి పంచినా ఒక్కొక్కరికి 13 గంటలు నడకే సరి. ఆ మాట ఇవ్వడమే తప్పు. ఓనర్లకి ఇప్పుడే ఫోన్ చేసి "రోడ్డు మీద నడక ఉండదు, యార్డులో నాలుగు టర్న్‌లు ఉంటాయి" అని చెప్పేయండి. ఊరి రోడ్డు మీద వీధికుక్కల గుంపు మధ్య కొత్త కుక్కని లీష్ పట్టుకుని తిప్పడం కన్నా అది మేలు కూడా.

ఇప్పుడు యార్డు లెక్క. ఒంటరిగా వదలాల్సినవి 10, జతగా వదలగలిగేవి 16 అనుకుందాం. మొత్తం 18 టర్న్‌లు. రెండు యార్డులకి చెరి తొమ్మిది. టర్న్‌కి 15 నిమిషాలేస్తే రెండుంబావు గంటలు. 5:30కి మొదలుపెడితే 7:45కి ఆఖరి కుక్క లోపలికొస్తుంది. ముసలివాటిని, పిల్లల్ని, మూత్రం ఆపుకోలేనివాటిని ముందు టర్న్‌లలో వేయండి. మధ్యాహ్నం 12కి, రాత్రి 9కి కాలకృత్యాలకి మాత్రమే, ఐదారు నిమిషాల చొప్పున. సాయంత్రం 4:30కి మళ్లీ పూర్తి టర్న్.

కుక్క బయట ఉన్న ఆ 15 నిమిషాల్లోనే దాని గది కడగాలి. ఒకడు కుక్కల్ని చూడాలి, ఒకడు గదుల్ని చూడాలి. ఇద్దరూ రెండు పనులూ చేస్తే చేతిలో చీపురు, ఇంకో చేతిలో లీష్, మధ్యలో గేటు తెరిచే ఉంటుంది. పని 11 దాటేదీ అందుకే, కుక్క పారిపోయేదీ అందుకే.

ఇంకోటి. 5:15కి చీపురు ముట్టకుండా, చేతిలో పుస్తకం పట్టుకుని ఒక రౌండ్ తిరగండి. గదికి పావు నిమిషం. రాత్రి గిన్నెలో ఎంత మిగిలింది, నీళ్లు తాగిందా, పెంట ఎలా ఉంది, వాంతి ఉందా, మిమ్మల్ని చూసి లేచిందా లేదా. కడిగేశాక ఇవేవీ తెలియవు. జబ్బు గురించి ముందుగా చెప్పేది ఆ మురికే, దాన్ని చూడకుండా నీళ్లు కొట్టకూడదు.

పొద్దున 8కి తిండి, సాయంత్రం 7కి తిండి. యార్డు నుంచి వచ్చినవెంటనే పెట్టొద్దు, తిన్నవెంటనే వదలొద్దు. చెరో గంట ఎడం ఉండాలి. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకి కడుపు మెలితిరిగే ప్రమాదం ఎక్కువ, వాటి విషయంలో ఇది గట్టిగా పాటించాలి. ఆఖరి టర్న్‌లో తిరిగొచ్చే కుక్కకి గంట దొరకదు కాబట్టి దాని గిన్నె చివర్లో పెట్టండి. 10 నుంచి 12, 1 నుంచి 4 షెడ్డులోకి ఎవరూ వెళ్లకుండా తలుపేసేయండి. పగలు నిద్రలేని కుక్కే రాత్రంతా మొరిగి మిగతా 25ని లేపుతుంది.

తోకకింద థర్మామీటర్:
మామ లెక్క బాగుంది. ఆ 15 నిమిషాల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే శుభ్రం చేసే మందు పనిచేసేదీ చేయనిదీ అక్కడే తేలుతుంది.

మార్కెట్లో దొరికే తెల్ల ఫినాయిల్ వాసనకి బాగుంటుంది. పార్వో వైరస్‌ని (కుక్కపిల్లల్ని వాంతులు, నీళ్ల విరేచనాలతో చంపేది) అది చంపదు. "డిసిన్‌ఫెక్టెంట్" అని రాసిన రంగు సీసాల్లో చాలావరకు క్వాటర్నరీ అమ్మోనియం రకం. పార్వో మీద వాటినీ నమ్ముకోలేం. నల్ల ఫినాయిల్ ఇంకా చెడ్డది, తడి నేల మీద నిలబడ్డ కుక్క అరికాళ్లు మండుతాయి, అది కాళ్లు నాకుతుంది, మందు కడుపులోకి పోతుంది.

చవకలో పనికొచ్చేది బ్లీచింగ్ పౌడరే. తాజా ప్యాకెట్‌లో 30 శాతం పైన క్లోరిన్ ఉంటుంది. 10 లీటర్ల నీళ్లకి 60 గ్రాములు కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రం వంచుకుని వాడండి. లిక్విడ్ హైపోక్లోరైట్ 5 శాతంది దొరికితే 10 లీటర్లకి 330 మిల్లీలీటర్లు. కలిపింది ఏ రోజుది ఆ రోజే. మూతి కట్టకుండా వదిలేసిన పౌడర్ సంచి కొన్ని వారాలకే సత్తువ పోగొట్టుకుంటుంది. ముక్కుకి ఘాటు తగలకపోతే అది ఉత్త సున్నమే అనుకోండి.

వరస తప్పకూడదు: పెంట పొడిగా ఎత్తేయాలి, మూత్రం నీళ్లతో పోవాలి, సబ్బునీళ్లతో రుద్దాలి, కడిగి వైపర్ లాగాలి, అప్పుడు బ్లీచింగ్ నీళ్లు. 10 నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. తర్వాత మంచినీళ్లు, మళ్లీ వైపర్. మురికి మీద పోస్తే క్లోరిన్ ఆ మురికితోనే సరి, వైరస్ దాకా వెళ్లదు. మూత్రం మీద పోస్తే కళ్లు మండే ఆవిర్లు వస్తాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ గ్యాసే వస్తుంది, కుర్రాళ్లకి ఈ ఒక్కటీ నోటికి వచ్చేదాకా చెప్పండి. ఇనుప జాలీని మంచినీళ్లతో కడక్కపోతే తుప్పు పడుతుంది.

రోజూ రెండుసార్లు బ్లీచింగ్ అక్కర్లేదు. అదే కుక్క అదే గదిలో ఉన్నన్నాళ్లూ పెంట ఎత్తి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే చాలు. కుక్క మారినప్పుడు, మోషన్స్ పడ్డప్పుడు మాత్రం మొత్తం వరస. పైపు ఒత్తిడి పెట్టి పెంట మీద నీళ్లు కొట్టడం మానండి, తుంపర పక్క గదులకి పోతుంది. కుక్క లోపల ఉండగా అసలు కడగొద్దు.

మూడో రోజు మోషన్స్ గురించి. ఎక్కువసార్లు అది అంటువ్యాధి కాదు. ఇల్లు మారిన బెంగ, ఒక్కసారిగా మారిన తిండి, రెండూ కలిసి పెద్దపేగు వాస్తుంది. జిగురుతో మెత్తగా, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు వెళ్తుంది, ఆఖర్లో ఒక నెత్తురు చార కూడా కనబడొచ్చు. కానీ కుక్క హుషారుగా ఉంటుంది, తింటుంది. దీనికి తిండి సగానికి తగ్గించి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం మూడు నాలుగు చిన్న పూటలుగా ఒకటి రెండు రోజులు. నీళ్లు ఆపొద్దు. మనుషుల మోషన్ మాత్రలు వేయొద్దు. వాటిలో కొన్నిట్లో ఉండే లోపెరమైడ్ మందు కోలీ జాతుల్లో కొన్ని కుక్కలకి ప్రమాదం.

పెంట నీళ్లలా పోతూ, వాంతులు కూడా ఉండి, కుక్క మూల పట్టుకుని పడుకుంటే కథ వేరు. టీకాలు పూర్తికాని పిల్ల అయితే పార్వో కాదని తేలేదాకా పార్వోయే. జ్వరం చూడండి, మామూలు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. పిల్లలో పార్వో ముదిరితే ఒళ్లు చల్లబడుతుంది కూడా, కాబట్టి జ్వరం లేదని ధీమా పడొద్దు. వెంటనే ఐసోలేషన్ గది (మిగతా కుక్కలకి దూరంగా, విడిగా ఉన్నది), వెటర్నరీ డాక్టర్. ఆ గదికి వేరే చెప్పులు, వేరే బకెట్, వేరే వైపర్, పనిలో ఆఖరి వంతు. గుమ్మం ముందు మందునీళ్ల ట్రే పెట్టడం చాలామంది చేస్తారు. గంటలో అది బురద. చెప్పులు మార్చడమే నయం.

దగ్గుది సులువు లెక్క. కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటు దగ్గు) అంటుకున్న మూడు నుంచి పది రోజులకి దగ్గు మొదలవుతుంది. వారం ఉన్న కుక్క మీ దగ్గర అంటించుకుని ఇంటికెళ్లాక దగ్గుతుంది. ముక్కులో వేసే టీకా పనిచేయడానికి కనీసం మూడు రోజులు కావాలి, అందుకే చేరే రోజు పొద్దున వేయించుకొస్తే లాభం లేదు. ఇంజెక్షన్ రకమైతే మొదటిసారి రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. ఇప్పుడే అందరికీ మెసేజ్ పెట్టండి. టీకా ఉన్నా దగ్గు అసలే రాదని కాదు, వచ్చినా తేలిగ్గా పోతుంది.

జనవరిలో ఇంకో కారణం ఉంది. చలని కిటికీలూ షట్టర్లూ అన్నీ మూసేస్తారు. లోపలి గాలి లోపలే తిరుగుతుంది. పై వెంటిలేటర్లు తెరిచే ఉంచండి, కుక్క పడుకునే ఎత్తులో మాత్రం గాలి తగలకుండా గోనెపట్టా కట్టండి. పొద్దున షెడ్డు తలుపు తీయగానే అమ్మోనియా ఘాటు కొట్టిందంటే రాత్రంతా గాలి ఆడలేదన్నమాట.

బీగిల్ బాధితుడు:
శుభ్రం సంగతి పైవాళ్లు చెప్పారు. సగం గొడవ గేటు దగ్గరే తప్పించొచ్చు.

కుక్క దిగగానే తూకం. టీకా కార్డులో యాంటీ రేబిస్, మల్టీ టీకా (పార్వో, డిస్టెంపర్ లాంటివాటికి కలిపి వేసేది) ఏడాది లోపు, చేరడానికి కనీసం రెండు వారాల ముందు వేసినవై ఉండాలి. తర్వాత పిడుదులు: చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో. రక్తం తాగిన ఆడ పిడుదు కింద రాలి గోడ పగుళ్లలో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. ఒక్క కుక్క తెచ్చింది చాలు షెడ్డంతా పట్టడానికి. టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టి వచ్చే జ్వరం) బయటపడేది ఒకటి నుంచి మూడు వారాలకి, అప్పటికి నింద మీ మీద. పగుళ్లు సిమెంటుతో మూసేయండి, అది చేయకుండా ఎంత మందు కొట్టినా వృథా. చేరేముందు డాక్టర్‌ని అడిగి పిడుదుల మాత్ర వేయించమనండి.

తిండి ఇంటిదే తెచ్చుకోమనండి. డబ్బాలో కాదు, పూటకో కవరు. రోజులు ఇంటూ పూటలు, పైన నాలుగు కవర్లు అదనం (ఓనర్ల రైలు ఎప్పుడూ ఆలస్యమే). కవరు మీద పేరు రాస్తే కొలత చెంచా గొడవ లేదు, ఏ కుర్రాడు పెట్టినా ఒకటే పరిమాణం. మీ మూడో రోజు మోషన్స్‌లో సగం దీంతోనే పోతాయి. పెరుగన్నం తిని పెరిగిన కుక్కకి పెరుగన్నమే పెట్టండి, ఖరీదైన డ్రై ఫుడ్ పెడుతున్నామని గొప్పకి పోవద్దు. మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండో రోజు సాయంత్రానికి కూడా ముట్టకపోతే, చిన్న జాతి పిల్ల అయితే అంతకంటే ముందే, డాక్టర్‌కి ఫోన్.

ఫారంలో రెండు సంతకాలు: ఓనర్ అందకపోతే ఎవరిని అడగాలి, అత్యవసరమైతే ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు. 14, 15 తేదీల్లో ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో ఇప్పుడే అడిగి షెడ్డు గోడ మీద రాయండి.

మామతో ఒక్కచోట ఒప్పుకోను. ముక్కూ మొహం తెలియని 16 కుక్కల్ని జతలుగా వదలడం పండగ వారంలో పెట్టుకునే పని కాదు. ఒకే ఇంటివి, లేదా ఇంతకుముందు మీ దగ్గరే కలిసి తిరిగినవి మాత్రమే కలపండి. జత కలిపితే గిన్నె, బొమ్మ, బంతి ఏదీ యార్డులో ఉండకూడదు. మెడపట్టీలు తీసేయాలి, ఆటలో ఒకదాని దవడ ఇంకోదాని పట్టీలో ఇరుక్కుంటే రెండూ భయపడి మెలితిరుగుతాయి, ఊపిరాడక చచ్చిపోయే ప్రమాదం.

మొయినాబాద్ మామ:
ఒప్పుకుంటా. జత కలిసేవి 16 ఉండకపోవచ్చు. ఆరే ఉంటే 23 టర్న్‌లవుతాయి, 12 నిమిషాలకి తగ్గిస్తే దాదాపు అదే సమయంలో అయిపోతుంది. బ్లీచింగ్ వేయాల్సిన గది కుక్కకి మాత్రం 15 ఇవ్వండి. మూడో యార్డు కావాలంటే గ్రీన్ నెట్ కాదు, జాలీ ఫ్రేములే తెచ్చి కట్టండి.

రాత్రి డ్యూటీ:
సంక్రాంతి కాబట్టి ఆ నాలుగు రోజులకే పుట్టే తలనొప్పులు ఇవి.

మాంజా. 12వ తేదీ నుంచి యార్డులో దారాలు పడుతూనే ఉంటాయి. నైలాన్ మాంజా మీద 2017 నుంచి నిషేధం ఉన్నా గాలిలో అదే ఎగురుతోంది. ప్రతి టర్న్ ముందు యార్డంతా నడిచి ఏరాలి, చెట్ల కొమ్మలకి వేలాడేవి కూడా. కుక్క మింగి కొస బయట కనబడితే నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ లాగొద్దు. దారం లోపల పేగుని కోస్తుంది. కొస కత్తిరించకుండా అలాగే డాక్టర్ దగ్గరికి.

గారెలు, పులిహోర, చక్కెరపొంగలి. పండగ రోజు కుర్రాళ్లు ప్రేమకొద్దీ పెడతారు. గారెల్లో ఉల్లిపాయ, పొంగలిలో కిస్‌మిస్. రెండూ కుక్కకి విషమే, ఉల్లి రక్తకణాల్ని పగలగొడుతుంది, కిస్‌మిస్ కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. ఉడికించిన కోడి ఎముకలు ఈ లిస్టులో మూడోది.

భోగి మంట. తెల్లవారుజామున పక్కింట్లో మంటేస్తే పొగ షెడ్డులోకి వస్తుంది. పగ్, షి జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కులవాటికి మంటకి ఎదురు వైపు గదులివ్వండి. రాత్రి చలికి నేలకి అరడుగు ఎత్తున మంచం, దాని మీద దుప్పటి. దుప్పట్లు తినే లాబ్రడార్లకి మంచం మాత్రమే.

రాత్రి 9 తర్వాత ఒక మనిషి షెడ్డు పక్కనే పడుకోవాలి, గేటు దగ్గర కాదు. 12కి, 3కి టార్చి రౌండ్. పెద్ద కుక్క కుదురుగా పడుకోలేక తిరుగుతూ, వాంతికి డోకుతూ ఏమీ రాక, పొట్ట డోలులా ఉబ్బితే కడుపు మెలితిరిగినట్టు. తెల్లారేదాకా ఆగితే కుక్క మిగలదు. అప్పటికప్పుడే బండి తీయాలి, అందుకే బండి తాళం షెడ్డులో మేకుకి ఉండాలి.

కుర్రాళ్ల సెలవుల మాట. పండగ మూడు రోజులు నిలబడేవాళ్లకి డబుల్ కూలీ, 20 తర్వాత వారం సెలవు అని ఇప్పుడే మాటివ్వండి. 13న రాత్రి ఫోన్ స్విచాఫ్ అయ్యాక బేరాలాడలేరు. అందరికీ ముందుజాగ్రత్త రేబిస్ టీకా ఉండాలి: 0వ రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. ఇప్పటిదాకా లేకపోతే ఈ వారమే మొదలెట్టండి. వేసుకున్నా సరే, కరిస్తే సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

కొత్త షెడ్డు:
చాలా థ్యాంక్స్ అండీ. ఓనర్లకి మెసేజ్‌లు పెట్టేశాను. ఇంకో రెండు: ఒక లాబ్రడార్‌కి షుగర్, రోజుకి రెండుసార్లు ఇన్సులిన్. ఇంకో ఆడ స్పిట్జ్ మధ్యలో హీట్‌కి (ఎదకి) రావచ్చని ఓనర్ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

తోకకింద థర్మామీటర్:
లాబ్రడార్: ముందు తిండి, తర్వాత సూది, 12 గంటల ఎడం. తినకపోతే మామూలు డోసు వేయొద్దు, డాక్టర్‌ని అడగండి. అసలు ప్రమాదం సిరంజీలో ఉంది. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజీ. 100 యూనిట్లవీ ఉన్నాయి, వాటికి నారింజ మూత. 100 మందుని ఎర్ర మూత సిరంజీతో తీస్తే రెండున్నర రెట్లు వెళ్తుంది. సిరంజీలు కూడా ఓనర్ నుంచే తీసుకోండి, దిగేటప్పుడు వాళ్ల చేత ఒక డోసు మీ ముందు తీయించి ఫొటో తీసుకోండి. మందు ఫ్రిజ్ తలుపులో కాదు, మధ్య అరలో. తూలినా వణికినా వెంటనే చిగుళ్లకి తేనె రాసి డాక్టర్‌కి ఫోన్. రాత్రి మనిషికి ఇది తెలియకపోతే ఆ కుక్కని తీసుకోకండి.

బీగిల్ బాధితుడు:
స్పిట్జ్‌ని ఈ వారం వద్దనండి. ఒక్క ఆడకుక్క హీట్‌కి వస్తే మగవన్నీ తిండి మానేసి రాత్రంతా ఏడుస్తాయి, జాలీ మధ్యలో ఉన్నా జత కట్టిన కేసులున్నాయి. మాటిచ్చేశామంటే చివరి గది, పక్క గదిలో ఆడకుక్క, యార్డులో ఆఖరి టర్న్, తర్వాత యార్డు కడగడం. డయపర్ నెత్తురు మరకలకి పనికొస్తుంది, మగకుక్కని ఆపదు.

గడియల మాట మర్చిపోయాం. అడ్డగడియని బీగిల్, హస్కీ మూతితో ఎత్తి తీసేస్తాయి. ప్రతి గదికీ గడియ కన్నంలో ఒక స్ప్రింగ్ కొక్కెం తగిలించండి, తాళాలు వద్దు, అగ్గి అంటుకున్నప్పుడు 24 తాళంచెవులు వెతకలేరు. యార్డుకి రెండు గేట్లు, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి.

మొయినాబాద్ మామ:
తీసుకెళ్లే రోజు కూడా టైమ్‌లు పంచండి. 18 సాయంత్రం అందరూ ఒకేసారి దిగితే గేటు దగ్గర పది కుక్కలు, పది కార్లు. అరగంటకి ముగ్గురు. ఇంటికెళ్లగానే బకెట్ నీళ్లు తాగి కక్కేస్తాయి కాబట్టి నీళ్లు కొంచెం కొంచెంగా, రాత్రి తిండి సగం అని ఓనర్‌కి చెప్పండి. ఒకటి రెండు రోజులు పడి నిద్రపోతుంది, కంగారుపడొద్దనండి. పది రోజుల లోపు దగ్గు కనిపిస్తే మీకూ చెప్పమనండి. ఆ కుక్కకి అటూ ఇటూ గదుల్లో ఉన్నవి ఏవో మీ పుస్తకంలో రాసి ఉంటుంది కదా, వాళ్లకి మీరే ముందు ఫోన్ చేయండి.